వాణిజ్య లీజు పునరుద్ధరణ నోటీసు

దుకాణం, గోదాము, పెట్రోల్ బంకు వంటి వ్యాపార స్థలంలో గడువు తీరాక కూడా కొనసాగదలచిన కిరాయిదారు, ఆ సంగతి యజమానికి ముందుగా తెలిపే నోటీసు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దీనికి ప్రత్యేక గడువేదీ పెట్టలేదు. ఒప్పందంలో పునరుద్ధరణ షరతు ఉంటేనే హక్కు. అందులో రాసుకున్న గడువే గడువు. 106వ సెక్షన్‌లోని 15 రోజుల నోటీసు నెలవారీ లీజును రద్దు చేయడానికి ఉద్దేశించినది. దాన్నే పునరుద్ధరణకూ వర్తింపజేసుకుంటే కిరాయిదారుకు నష్టం తప్పదు.

ఆలస్యాన్ని కోర్టులు మన్నించడం అరుదు. 1960ల నాటి కాల్టెక్స్ చమురు కంపెనీ కేసులో లీజు ముగియడానికి రెండు నెలల ముందే నోటీసివ్వాలన్నది షరతు. కంపెనీ ఆ గడువు దాటాక అడిగింది. పునరుద్ధరణ యజమాని ఇచ్చే ప్రత్యేక వెసులుబాటు కాబట్టి గడువును కచ్చితంగా పాటించాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే నోటీసు అందినట్టు రుజువు దాచుకోవడం చాలా ముఖ్యం.

పునరుద్ధరణ అంటే కొత్త లీజే. ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటీసివ్వకుండా ఉండిపోయినా, యజమాని అద్దె పుచ్చుకుని సమ్మతిస్తే 116వ సెక్షన్ ప్రకారం దుకాణం వంటివి నెలవారీ లీజుగా సాగుతాయి.