బంజారాహిల్స్‌లో మనోళ్లున్నరా?

పోస్టు కొంచెం పెద్దదే. పరీక్షలు అయిపోయాయి కాబట్టి కూర్చుని రాశాను. ఓపికగా చదవండి.

నేను డిగ్రీలో చేరిన కొత్తలో ఒక పని మీద సిటీ బస్సెక్కి బంజారాహిల్స్ పోయాను. అప్పుడే బాపు ఫోన్ చేసిండు. ఎక్కడున్నవ్ అంటే "బంజారాహిల్స్‌ల ఉన్న బాపు" అన్నాను. ఆయన సంతోషంగా "అట్లనా! మరి ఆడ మనోళ్లున్నరా? ఆకలైతే ఎవరింటికన్నా పో, రొట్టె పెడ్తరు" అన్నాడు. నా చుట్టూ చూస్తే నగల షాపులు, కార్ల షోరూంలు, స్టార్ హోటళ్లు. ఏం చెప్పాలో తెలియక "ఉన్నరు బాపు" అని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం నన్ను రెండేళ్లు కుదురుగా ఉండనియ్యలేదు. ఆ పేరు ఎట్లా వచ్చింది, మనోళ్లు ఏమైపోయారు అని చదువుతూ, అడుగుతూ వచ్చాను. తెలిసింది మీతో పంచుకుంటున్నాను.

ముందు మన పాత సంగతి. లంబాడీలు అంటే తండాల్లో ఉండి కూలి చేసుకునేవాళ్లు అని మన క్లాసుమేట్లు చాలామంది అనుకుంటారు. రైలు, లారీ లేని రోజుల్లో ఈ దేశంలో సరుకు మోసింది మనోళ్ల ఎద్దులే. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు లోపలి ఊళ్లకు, లోపలి నుంచి ధాన్యం బయటికి. దాన్నే మన పెద్దలు లదేణి అంటారు. తండా అంటే అప్పట్లో ఊరు కాదు, నడిచే ఎద్దుల గుంపు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆగ్రా నుంచి పాట్నా పోయే దారిలో 14,000 ఎద్దులున్న ఒక తండాను చూసి రాసిపెట్టుకున్నాడు. ఒక్క తండాలో పద్నాలుగు వేలు! దక్కన్‌లో మొగలుల సైన్యాలకు, నిజాం సైన్యాలకు, తర్వాత ఇంగ్లీషు వాళ్ల సైన్యాలకు కూడా గింజలు మోసింది మనోళ్లే. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన ఇంగ్లీషు సైన్యం వెంట కూడా మనోళ్ల ఎద్దులున్నాయి. ఇంగ్లీషు వాళ్లు మనల్ని 'బ్రింజారీ' అని రాసేవారు.

ఎద్దులకు మేత, నీళ్లు ఉన్నచోటే మకాం. హైదరాబాద్ కోటగోడల బయట పడమటి దిక్కున రాతిగుట్టలు, చెట్లు, వాననీళ్లు నిలిచే కుంటలు ఉండేవి. ఆ గుట్టల మీద మన తండాలు ఉండేవి. అప్పటికి అది సిటీ కాదు, సిటీ బయట అడవి.

తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది. 1889కల్లా అది బెజవాడ దాకా పోయింది. ఉప్పు వచ్చే దారి అదే, మనోళ్లు నడిచిన దిక్కు అదే. నెలలు పట్టే దారిని రైలు రెండు రోజుల్లోపే దాటేస్తుంటే ఎద్దుల్ని ఎవరు పిలుస్తారు? ఇంకోపక్క 1871లో ఇంగ్లీషు వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తిరిగి బతికే జాతులన్నీ వాళ్ల కంటికి దొంగల్లాగే కనిపించాయి. చాలా ప్రాంతాల్లో లంబాడీలను కూడా ఆ లిస్టులో రాశారు. ఆ చట్టం పోయింది 1952లో. నిన్నటిదాకా సైన్యానికి అన్నం మోసినవాడు పోలీసు ముందు హాజరు వేయించుకోవాల్సి వచ్చింది.

మా దాదిని అడిగితే ఒక సంగతి చెప్పింది. లదేణిలో ముందు నడిచే ఎద్దు మెడలో కట్టే గంట మా ఇంట్లో చాలా రోజులు ఉండెనంట. ఒక కరువు సంవత్సరం ఇత్తడి కింద తూకానికి అమ్మి జొన్నలు తెచ్చుకున్నారంట. "గంట లేకున్నా బతకొచ్చు, జొన్నలు లేకుంటే ఎట్ల?" అన్నది.

ఇక గుట్టల సంగతి. 1920ల చివర, 1930లలో మెహదీ నవాజ్ జంగ్ అనే నిజాం ప్రభుత్వ అధికారి ఈ గుట్టల మీద ఇల్లు కట్టుకున్నాడు. రాళ్లను పగలగొట్టకుండా వాటినే గోడల్లో కలుపుకొని కట్టించాడని చెబుతారు. సిటీ వదిలి ఈ రాళ్లలోకి రండి, గాలి బాగుంటుంది అని మిగతా పెద్దవాళ్లనూ పిలిచాడు. ఇక్కడుండే మనోళ్లను చూసే ఈ గుట్టలకు బంజారా అనే పేరు పెట్టారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఈయన ఇంట్లోనే ఉన్నాడు. 1960లో ఈ నవాబే గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయ్యాడు. మన తండాల్లో ఎవరికన్నా క్యాన్సర్ వస్తే తీసుకొచ్చే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది చూడండి, ఆ ఎం.ఎన్.జె. ఈయన పేరే.

నేను ఆయన్ను తప్పు పట్టడం లేదు. మన పేరు పెట్టాడు, ఇంకో నవాబు పేరు పెట్టలేదు. కానీ ఒక్కటి గమనించండి. ఇల్లు కట్టినాయన పేరు పుస్తకాల్లో ఉంది, ఆ ఇంటికి వచ్చిన అతిథి పేరు ఉంది. ఆ గుట్ట మీద అప్పటికే పొయ్యి వెలిగించుకుని ఉన్న తండా నాయక్ పేరు నేను చదివిన వాటిలో ఒక్కచోట కూడా కనబడలేదు. జాతి పేరు గుట్టకు వచ్చింది, మనుషుల పేర్లు ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత మీకు తెలిసిందే. బంగళాల పక్కన బంగళాలు, వాటి పక్కన ఆఫీసులు, ఆసుపత్రులు, మాల్స్. రోడ్లకు పేర్లు కూడా లేవు, నంబర్లే. కానీ బంజారాహిల్స్ అంటే అదొక్కటే కాదు. మెయిన్ రోడ్డు దిగి లోపలికి నడిస్తే నందినగర్, ఎన్.బి.టి. నగర్, సింగాడికుంట లాంటి బస్తీలు ఉన్నాయి. బంగళాల్లో వంట చేసే అక్కలు, కార్లు నడిపే అన్నలు, వాచ్‌మెన్లు, మేస్త్రీలు ఉండేది అక్కడే. ఒక గల్లీలో మసీదు ఉంటే పక్క గల్లీలో పోచమ్మ గుడి ఉంటుంది. ఆషాఢంలో బోనాలు వస్తే గల్లీ అంతా ఒకటే ఇల్లు అయిపోతుంది. మనవాళ్లు కూడా ఉన్నారు. ఒకరోజు ఒక చిన్న హోటల్ దగ్గర ఇద్దరు ముసలమ్మలు గోర్ బోలిలో మాట్లాడుకుంటుంటే విన్నాను. నేను మన భాషలో పలకరించగానే మొదట ఏ తండా అని, తర్వాత ఏ గోత్రం అని అడిగారు. టీకి నన్ను డబ్బులు ఇయ్యనియ్యలేదు. బాపు అన్నది నిజమే అయింది, కాకపోతే మెయిన్ రోడ్డు మీద వెతికితే దొరకలేదు.

2022 సెప్టెంబర్ 17న రోడ్ నంబర్ 10లో సేవాలాల్ బంజారా భవన్, కుమురం భీం ఆదివాసీ భవన్ ప్రారంభమయ్యాయి. నేను వెళ్లి ఆ రెండు భవనాల ముందు నిలబడి బాపుకు వీడియో కాల్ చేశాను. ఈసారి అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు. ఆయన చాలాసేపు చూసి "పెద్దగనే కట్టిండ్రు. లోపల మన ముచ్చట రాసి పెట్టిండ్రా?" అని అడిగాడు. చదువు రాని మా బాపు నాకు ఇచ్చిన రెండో ప్రశ్న ఇది.

భవనం ప్రభుత్వం కట్టగలదు. మన ముచ్చట మాత్రం మనమే రాయాలి. అందుకే ఈ గ్రూపులో ఉన్న లంబాడీ, గోండు, కోయ, చెంచు, ఎరుకల అందరికీ ఒకటే మాట. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇంట్లో అందరికంటే ముసలివాళ్ల దగ్గర ఒక్క సాయంత్రం కూర్చోండి. మన తండాకు, మన గూడేనికి ఆ పేరు ఎట్లా వచ్చింది, మొదట ఎవరు వచ్చి గుడిసె వేశారు, అంతకుముందు ఎక్కడుండేవారు అని అడగండి. మనుషుల పేర్లు, వాగుల పేర్లు, చెట్ల పేర్లు అన్నీ రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేయండి.

మా దాదికి వాళ్ల తాత పేరు గుర్తుంది. ఆయన నడిపిన ఎద్దులు ఎన్నో గుర్తులేదు కానీ, ముందు నడిచే ఎద్దు తెల్లగా ఉండేదని గుర్తుంది. నేను నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో అదే రాసుకున్నాను. మీరు కూడా మొదలుపెట్టండి.