ధూమపాన నిషేధ శాసనములు – వ్యక్తి స్వాతంత్ర్యము

ప్రజల ఆరోగ్యమును, క్షేమమును కాపాడుటకై ప్రభుత్వములు చేయు శాసనములు రెండు తెగలు. ఒకని చేష్టవలన పొరుగువానికి హాని కలుగకుండ అడ్డుకొనునవి కొన్ని. ఒకడు తనకు తాను చేసికొను హానినుండి వానినే రక్షింపబూనునవి మరికొన్ని. మొదటి తెగ విషయమున రాజ్యాధికారమును శంకించువారు అరుదు. రెండవ తెగకు చెందిన శాసనము వయస్సు వచ్చిన పౌరుని వివేకమును ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొనుటయే గనుక, దానిపై వివాదము నేటికిని తెగలేదు. ఈ రెంటికి నడుమనున్న హద్దు ఎప్పుడెప్పుడు చెరిగినదో చూపుటకు పొగాకు చరిత్రకంటె తగిన ఉదాహరణము లేదు.

అమెరికా ఖండమునుండి పొగాకు వచ్చిన కొలదికాలమునకే నిషేధములును వచ్చెను. 1604లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు ధూమపానమును దూషించుచు స్వయముగా ఒక చిన్న గ్రంథమును ప్రకటించి, పౌనుకు రెండు పెన్నీలుగా నున్న సుంకముపై ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలను అదనముగా విధించెను. 1633లో తుర్కీ సుల్తాను నాలుగవ మురాదు పొగ త్రాగువారికి మరణదండనయే శాసించెను. మన దేశమున అసద్ బేగు బిజాపూరునుండి తెచ్చి అక్బరునకు సమర్పించిన పొగాకును, 1617లో ఆయన కుమారుడు జహంగీరు నిషేధించెను. పారశీక చక్రవర్తి షా అబ్బాసును ఇట్టి నిషేధమే చేసియుండెను. అయితే ఆయన ఆస్థానమునకు జహంగీరు పంపిన రాయబారి ఖాన్ ఆలము పొగ లేక క్షణమైన నుండలేనివాడని తెలియగా, షా అతనికి ప్రత్యేకముగా అనుమతి నిచ్చెనట. ఈ ముచ్చటను జహంగీరే తన స్వీయచరిత్రలో వ్రాసికొనినాడు. సామాన్యునకు దండనయు, దొరతనమునకు దగ్గరివానికి మినహాయింపును ఇట్టి శాసనములకు పుట్టుకతోనే వచ్చిన లక్షణములు.

ప్రష్యా రాజధాని బెర్లినులో వీధులయందు పొగ త్రాగరాదన్న కట్టడి 1848 వరకు నుండెను. అగ్నిప్రమాద భయముతో పుట్టిన ఈ నిబంధన కాలక్రమమున రక్షకభటుల పెత్తనమునకు చిహ్నమై ప్రజలకు కంటగింపయ్యెను. ఆ యేటి మార్చి విప్లవమున రాజప్రాసాదము ముంగిట గుమిగూడిన జనులతో, వారి కోరికలన్నియు మన్నింపబడినవని ప్రభువు లిష్నోవ్‌స్కీ చెప్పగా, పొగ త్రాగుటకు కూడ అనుమతి గలదా యని ఒకరు అడిగిరట. గలదనగానే, టీర్‌గార్టెన్ ఉద్యానమునందును గలదా యని మరల అడిగిరట. రాజ్యాంగమునకై ప్రాణములొడ్డిన జనులు ఇంత చిన్న స్వేచ్ఛను కూడ పట్టుబట్టి కోరుట గమనింపదగిన విషయము. నిత్యజీవితమున తగులు చిన్న నిర్బంధములే మనుష్యుని ఆత్మగౌరవమును ఎక్కువగా నొప్పించును.

ఈ వివాదమునకు సిద్ధాంతరూప మిచ్చినవాడు జాన్ స్టూవర్టు మిల్లు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ముప్పదియైదేండ్లు గడపిన ఈ తత్త్వవేత్త 1859లో ప్రకటించిన స్వేచ్ఛావిషయక గ్రంథమున, పరులకు కలుగు హానిని నివారించుటకు దప్ప, ఎవని మేలుకొరకైనను వానిని బలవంతపెట్టు అధికారము సమాజమునకు లేదని ప్రతిపాదించెను. ఐనను కూలనున్న వంతెనపైకి తెలియక పోవుచున్నవానిని చేయిపట్టి ఆపవచ్చుననియు, విషపదార్థముపై హెచ్చరిక వ్రాయవలెనని విక్రేతను శాసింపవచ్చుననియు ఆయనయే అంగీకరించెను. అపాయమును తెలుపుట వేరు, తెలిసినవానిని నిరోధించుట వేరు. నేడు సిగరెట్టు పెట్టెలపై నుండు హెచ్చరికలకు మూలభావ మీ గ్రంథముననే గలదు.

ఇరువదవ శతాబ్దమున విజ్ఞానశాస్త్రము వాదమును మార్చివేసెను. 1950లో ఇంగ్లండున డాలు, బ్రాడ్‌ఫర్డ్ హిల్లు అను శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల క్యాన్సరునకు ధూమపానముతో గల సంబంధమును వెల్లడించిరి. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక దానిని ధ్రువపరచెను. 1981లో జపాను శాస్త్రజ్ఞుడు హిరయామా, పొగ త్రాగు భర్తలతో కాపురము చేయు స్త్రీలకు, తామెన్నడు పొగ త్రాగకున్నను, ఆ వ్యాధి భయము హెచ్చని ప్రకటించెను. అంతతో పొగ త్రాగుట సొంత వ్యవహారమన్న వాదము నాలుగు గోడల నడుమ నిలువలేకపోయెను. 2004 మార్చి 29న ఐర్లండు దేశము మద్యశాలలతో సహా లోపలి పనిచోట్లన్నిట పొగను నిషేధించినపుడు, అచ్చట పనిచేయువారి ఆరోగ్యమునే ఆధారముగా చూపెను. ఆ ఆధారము న్యాయమైనది.

ఆ ఆధారమును విడిచిన శాసనమున కుదాహరణము భూటాను. 2004లోనే పొగాకు విక్రయమును నిషేధించిన ఆ దేశము 2010లో మరింత కఠినమైన చట్టము చేయగా, 2011లో రెండున్నర డాలర్ల విలువగల నమలు పొగాకుతో పట్టువడిన ఒక యువ భిక్షువునకు మూడేండ్ల కారాగారశిక్ష పడెను. ప్రజలు ఆక్రోశింపగా మరుసటి యేడు చట్టమును సడలించిరి. 2021లో విక్రయమునకే అనుమతి నిచ్చిరి.

భారతదేశ చరిత్ర ఇంతకంటె చిక్కైనది. సిగరెట్టు పెట్టెలపై హెచ్చరిక ముద్రింపవలెనన్న చట్టమును పార్లమెంటు 1975లో చేసెను. పొగాకు సాగును, ఎగుమతులను వృద్ధిచేయుటకు గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు నేర్పరచిన చట్టమును ఆ సంవత్సరమునదే. పంటకు ప్రోత్సాహమిచ్చి పన్ను రాబట్టుకొను ప్రభుత్వమే ఉపదేశకుని పాత్రయు వహించుటలోని వైరుధ్యము నేటికిని తీరలేదు. 1999లో కేరళ ఉన్నత న్యాయస్థానము, 2001 నవంబరు 2న మురళీ దేవరా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఇతరుల పొగను పీల్చవలసివచ్చుట జీవించు హక్కునకు భంగమని నిర్ణయించెను. 2003 నాటి చట్టము బహిరంగస్థలములలో ధూమపానమును నిషేధించి, 200 రూపాయల వరకు జరిమానా నిర్ణయించెనుగాని, ఆరుబయలును స్పష్టముగా మినహాయించెను. 2008 అక్టోబరు 2న అమలునకు వచ్చిన నియమములు మాత్రము బస్సు స్టాపులను, రైల్వే స్టేషనులను, క్రీడారంగములను ఆ మినహాయింపునుండి తొలగించెను. ప్రజాప్రతినిధులు విడిచిపెట్టిన ఆరుబయలును అధికారులు ఒక వివరణవాక్యముతో ఆక్రమించుట సత్సంప్రదాయము కాదు.

శిరస్త్రాణ నిబంధన ఈ వివాదమునకు తోబుట్టువు. దాని కథ తెలుగునాటిదే. ద్విచక్రవాహనము నడుపువారు హెల్మెట్టు ధరింపవలెనన్న ఆంధ్రప్రదేశ్ మోటారు వాహన నియమము 498-ఎను సవాలు చేసిన వ్యాజ్యమును 1988లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను. నియమము మంచిదే, అది ఎన్నో తలలను కాపాడినది. కాని ప్రజల మేలునకై చేసిన చర్యకు వ్యతిరేకముగా ప్రాథమిక హక్కు లేదన్న తీర్పులోని భావము మిక్కిలి విశాలమైనది. మేలుచేయు ఉద్దేశము లేదని చెప్పుకొను ప్రభుత్వ మేది?

శాసనమునకు అందని చోట్లు కూడ గలవు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో పేద స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ వలన అంగిటికి క్యాన్సరు వచ్చునని వైద్యులు నిరూపించిరి. గాలికి, నీటికి నిప్పు ఆరకుండుట ఈ పద్ధతిలోని సౌకర్యము. ఇంటి అరుగుపై కూర్చుండి అడ్డపొగ పీల్చు వృద్ధురాలికి కావలసినది జరిమానా కాదు; నోరు తెరచి చూచి, మంచిమాట చెప్పు వైద్యుడు.

2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తిని, దిగుమతిని, విక్రయమును పార్లమెంటు సంపూర్ణముగా నిషేధించి, మొదటి తప్పునకు ఏడాది వరకు ఖైదును, లక్ష రూపాయల వరకు జరిమానాను విధించెను. యువజనులు క్రొత్త వ్యసనమున పడకుండుట ప్రభుత్వము చెప్పిన కారణము. అదే దుకాణమున బీడీ, సిగరెట్టు, చుట్ట నేటికిని బహిరంగముగా అమ్ముడగుచుండగా, ఆ కారణము ఈ ఒక్క వస్తువునకే వర్తించుట సమర్థనీయము కాదు.