ఒకరి ఇంజను, ఒకరి గేర్‌బాక్సు

ఐనవిల్లి మండలం ముక్తేశ్వరం రేవులో పంటు దిగి కోనసీమ రోడ్డెక్కే పాత మహీంద్రా డీజిల్ జీపుది కలగలుపు వంశం. ఒక కంపెనీ ఇంజనుకు మరో కంపెనీ గేర్‌బాక్సు తగిలించడాన్ని షెడ్డు మెకానిక్కుల అతుకులపనిగా తీసిపారేసేవాళ్లు ఆ జీపు పుట్టుకను చూడాలి. 1947లో అమెరికా విల్లీస్ జీపుల కూర్పుతో మొదలైన మహీంద్రా, 1979లో ఫ్రాన్సు పూజో నుంచి ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజనుకు లైసెన్సు తెచ్చుకుంది. దాని వెనక నిలిచింది మాత్రం విల్లీస్ వారసత్వపు గేర్‌బాక్సే. 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోవడంతో డీజిల్ కావాల్సి వచ్చింది. బండి మొత్తాన్ని కొత్తగా గీయడం కన్నా ఉన్నదాన్ని కలపడమే దారి.

కంపెనీకి పరీక్షశాల ఉంది, షెడ్డుకు లేదుగా అనవచ్చు. నిజమే. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కొన ఇంజను వైపు పైలట్ బేరింగులో తిన్నగా కూర్చోవాలి. మధ్య పెట్టే అడాప్టర్ ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా బేరింగు అరిగిపోతుంది, క్లచ్ సరిగా విడవదు. పైగా డీజిల్ పెట్రోలంత వేగంగా తిరగదు, కాబట్టి పాత గేరు నిష్పత్తులతో బండి పరుగు తగ్గుతుంది. అంబాసిడర్ కార్లకు మటడార్ వ్యాన్ల డీజిల్ ఇంజన్లు ఎక్కించిన మెకానిక్కులు ఈ లెక్కలన్నీ చేతి అంచనాతోనే తేల్చారు. తర్వాత అంబాసిడర్ తయారీ సంస్థ హిందుస్థాన్ మోటార్స్ ఇసుజు ఇంజను తెచ్చినప్పుడు, దాంతోపాటు ఐదు గేర్ల ఇసుజు పెట్టెనూ తెచ్చుకుంది. జత కుదర్చడం ఎంత కష్టమో ఆ నిర్ణయమే చెబుతుంది. ఆ కష్టాన్ని షెడ్డులో మోసినవాళ్ల పనిని ఇంజనీరింగు అనే పిలవాలి.