హికీ తైలవర్ణ చిత్రంలో కావలి లక్ష్మయ్య

భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ కాలిన్ మెకంజీ తైలవర్ణ చిత్రాన్ని ఐరిష్ చిత్రకారుడు థామస్ హికీ 1816లో మద్రాసులో రచించాడు. అది నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అదే సంవత్సరం మెకంజీ బృందం అమరావతి స్తూప శిల్పాలకు రేఖాచిత్రాలు సిద్ధం చేయసాగింది. చిత్రం పేరు మెకంజీది; కాని అందులో ఉన్నవారు నలుగురు.

హికీ 1780లో భారతదేశానికి బయలుదేరగా, దారిలో ఓడ శత్రునౌకలకు చిక్కింది. ఆయన పోర్చుగల్ చేరి, కొన్నేళ్లు లిస్బన్‌లో రూపచిత్రాలు వేసి, 1784లో కలకత్తా వచ్చాడు. ఆయన అభ్యసించిన ఐరోపా రూపచిత్ర సంప్రదాయంలో పెద్దమనిషి నడుమ నిలుస్తాడు; చుట్టూ ఉన్న వస్తువులు ఆయన హోదాను, వృత్తిని చాటుతాయి. మెకంజీ చిత్రంలో ఆ పనిలో కొంత భాగం మనుషులకు దక్కింది. ఎర్రని సైనిక దుస్తుల్లో మెకంజీ, దూరాన గోమటేశ్వర విగ్రహం, పక్కన ముగ్గురు భారతీయులు. దూరదర్శిని పట్టుకున్నవాడు కిష్టనాజీ అనీ, తాళపత్రాలు ధరించినవాడు జైన పండితుడు ధర్మయ్య అనీ, మూడవవాడు కావలి వెంకట లక్ష్మయ్య అనీ పరిశోధకులు గుర్తిస్తూ వచ్చారు.

లక్ష్మయ్యది ఏలూరుకు చెందిన కుటుంబం. అన్న బొర్రయ్య 1803లో మరణించగా సేకరణ బాధ్యత ఆయనపై పడింది. ఊరూరా తిరిగే సహాయకులను నడిపించడం, శాసనాల ప్రతులను, కైఫీయతులను రాబట్టడం, వాటి సారాన్ని ఇంగ్లీషులో అందజేయడం ఆ బాధ్యతలోని అంశాలు. అంటే సమాచారాన్ని చేరవేయడంతో ఆయన పని ముగియలేదు. ఏది ఆధారమో ఎంచడం, ఎంచినదాన్ని వివరించడం కూడా అందులో భాగమే.

1821లో మెకంజీ మరణించాడు. ఆయన సేకరణకు విల్సన్ రూపొందించిన సూచిక 1828లో వెలువడింది. ఆ కృషిని కొనసాగించే అవకాశం తనకివ్వమని లక్ష్మయ్య కోరగా, 1836లో ఏషియాటిక్ సొసైటీ పక్షాన జేమ్స్ ప్రిన్సెప్ అంగీకరించలేదు. విమర్శనాత్మక పరిశీలనకు ఆయనే కాదు, ఏ స్వదేశీయుడూ తగడన్నది ఆ నిరాకరణ సారాంశం. అంతకు ముందే, 1829లో, తమ్ముడు వెంకట రామస్వామి దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషులో ప్రకటించి, బొర్రయ్యకు వాటిలో స్థానం కల్పించాడు.

ఈ రెండు ఘటనల వెలుగులో హికీ చిత్రాన్ని పరిశీలించాలి. పండితులను పక్కన నిలపడంలో అది వలసపాలన అంతరువులను పాటించింది. అయినా వారి ముఖాలను విడివిడిగా చిత్రించి, మెకంజీ విద్వత్తు ఎవరి ఆసరాతో నిలిచిందో నమోదు చేసింది. ప్రిన్సెప్ కాదన్న యోగ్యతకు ఇరవై యేళ్ల ముందే ఈ చిత్రం సాక్ష్యం పలికింది. కైఫీయతులను కేవలం మెకంజీ సంపదగా పేర్కొనే మన అలవాటును ఆ సాక్ష్యం ప్రశ్నిస్తున్నది. సేకర్త పేరుతోపాటు కావలి సోదరుల పేర్లను కర్తృత్వ చర్చలోకి తేవడం తెలుగు చరిత్ర రచన తీర్చవలసిన బాకీ.