యోగ్యకర్త సూత్రాలు: ఇండోనేసియా సమావేశం నుంచి ఒంగోలు కేసు దాకా

2025 జూన్ 16న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కేసు మొదలైంది ఒంగోలు మహిళా పోలీస్ స్టేషన్‌లో. పెళ్లి చేసుకున్న ఒక ట్రాన్స్ మహిళ తన భర్త మీద, అత్తమామల మీద వరకట్న వేధింపుల ఫిర్యాదు పెట్టారు. ఆమె పిల్లల్ని కనలేరు కాబట్టి పూర్తి అర్థంలో స్త్రీ కారని, 498ఏ సెక్షన్ ఆమెకు వర్తించదని భర్త తరఫువాళ్లు వాదించారు. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను ఒప్పుకోలేదు. స్త్రీత్వాన్ని గర్భసంచితో కొలవడం రాజ్యాంగంలోని 14, 15, 21 అధికరణాలకు విరుద్ధమన్నారు. పురుషుణ్ని పెళ్లాడిన ట్రాన్స్ మహిళకు కూడా ఆ సెక్షన్ రక్షణ ఉంటుందని తేల్చారు.

అయితే అదే తీర్పులో కేసును మాత్రం కొట్టేశారు. ఫిర్యాదులో ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న వివరాలు సరిపడా లేవని, ఆరోపణలు గంపగుత్తగా ఉన్నాయని కారణం చెప్పారు. అంటే సూత్రం గెలిచింది, ఫిర్యాదు నిలబడలేదు. పత్రికల్లో మొదటి సగమే ఎక్కువ వచ్చింది. రెండో సగం కూడా గుర్తుంచుకోవాల్సిందే. 498ఏ కేసుల్లో ఈ ఇబ్బంది ఏ మహిళకైనా ఎదురవుతుంది.

హైకోర్టు ఆధారపడింది ప్రధానంగా సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన ‘నల్సా’ తీర్పు మీద, 2023 నాటి ‘సుప్రియో’ తీర్పు మీద. ఆ నల్సా తీర్పు తిరగేస్తే అందులో ఇండోనేసియాలోని ఒక ఊరి పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ ఊరు యోగ్యకర్త.

మాంట్రియల్‌లో కార్యకర్తలు, యోగ్యకర్తలో న్యాయ నిపుణులు

2006లో కొద్ది నెలల తేడాతో రెండు అంతర్జాతీయ సమావేశాలు జరిగాయి. మొదటిది జులైలో కెనడాలోని మాంట్రియల్‌లో. లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మానవ హక్కుల మీద ప్రపంచం నలుమూలల నుంచి కార్యకర్తలు అక్కడ చేరారు. పక్కనే ‘అవుట్‌గేమ్స్’ పేరుతో క్రీడోత్సవం కూడా పెట్టారు. అప్పటి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ లూయీ ఆర్బర్ వచ్చి మాట్లాడారు. ‘మాంట్రియల్ డిక్లరేషన్’ అనే ప్రకటన వెలువడింది. క్రీడోత్సవం ప్రారంభంలో దాన్ని చదివినవాళ్లలో టెన్నిస్ క్రీడాకారిణి మార్టినా నవ్రతిలోవా ఒకరు. అది ఉద్యమకారుల డిమాండ్ల పత్రం. కోర్టులో జడ్జి ముందు పెట్టే భాష కాదు.

ఆ భాష రెండో సమావేశంలో తయారైంది. 2006 నవంబర్ 6 నుంచి 9 వరకు జావా ద్వీపంలోని యోగ్యకర్త నగరంలో, గజా మదా యూనివర్సిటీలో న్యాయ నిపుణులు కూర్చున్నారు. ఇంటర్నేషనల్ కమిషన్ ఆఫ్ జ్యూరిస్ట్స్, ఇంటర్నేషనల్ సర్వీస్ ఫర్ హ్యూమన్ రైట్స్ అనే సంస్థలు దీన్ని నడిపించాయి. పత్రం మీద 25 దేశాలకు చెందిన 29 మంది సంతకాలున్నాయి.

పేరు వింటే తెలుగువాళ్లకు సంస్కృత సమాసంలా ఉంటుంది. అయోధ్య పేరు మీదుగా వచ్చిన పేరని చెబుతారు. కానీ అది సుల్తాన్ ఉన్న నగరం. ఆ ప్రాంతానికి ఇవాళ్టికీ సుల్తానే గవర్నర్. ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశంలో ఈ పత్రం పుట్టడం చాలామందికి వింతగా తోస్తుంది. సంతకాలు చూస్తే ఇంకా కొన్ని సంగతులు తెలుస్తాయి. లాహోర్ లాయర్ ఆస్మా జహంగీర్, ఇండోనేసియాకు చెందిన రూడీ మొహమ్మద్ రిజ్కీ, తుర్కియే నుంచి యాకిన్ ఎర్తుర్క్ అందులో ఉన్నారు. ఇండియా నుంచి మిలూన్ కొఠారీ, నేపాల్ నుంచి సునీల్ పంత్ సంతకం చేశారు. పత్రం రూపకల్పనలో ముఖ్యపాత్ర ఐర్లాండ్‌కు చెందిన మైఖేల్ ఓ ఫ్లాహర్టీది. ఇదంతా పడమటి దేశాలవాళ్లే రాసుకున్నారన్న మాట పూర్తిగా నిజం కాదన్నమాట.

అదే ఇండోనేసియాలో 2010 మార్చిలో ఇంకో కథ నడిచింది. సురబయ నగరంలో జరగాల్సిన ‘ఇల్గా’ సంస్థ ఆసియా సదస్సు ముస్లిం సంఘాల నిరసనల వల్ల ఆగిపోయింది. ఒక్క దేశంలోనే రెండు అనుభవాలు.

సూత్రాల్లో ఏముంది

2007 మార్చి 26న జెనీవాలో ఈ సూత్రాలను విడుదల చేశారు. మొత్తం 29. ఇది దేశాలు ఓటేసి ఒప్పుకున్న ఒప్పందం కాదు, ఏ ప్రభుత్వాన్నీ కట్టడి చేయదు. మనిషిగా పుట్టిన ప్రతివాళ్లకూ ఇప్పటికే ఉన్న అంతర్జాతీయ హక్కులు వీళ్లకు ఎలా వర్తిస్తాయో విడమరిచి చెబుతున్నామని రాసినవాళ్లు అన్నారు. విడమరచడం పేరుతో కొత్త హక్కులు చేర్చేశారని వ్యతిరేకించేవాళ్లు అంటారు. ఆ వాదన ఇంకా తెగలేదు. 2017 నవంబర్‌లో ఇంకో 9 సూత్రాలు కలిపారు.

తెలుగు నేల మీద కోర్టుల దాకా వచ్చింది ముఖ్యంగా 3వ సూత్రం, అంటే చట్టం ముందు గుర్తింపు. తాను ఆడో మగో వేరే ఏదో అన్నది మనిషి లోపలి అనుభవం, దాన్ని కాగితం మీద గుర్తించడానికి ఆపరేషన్ చేయించుకొమ్మనో, హార్మోన్ మందులు వాడమనో ఒత్తిడి పెట్టకూడదు అంటుంది. 15వది ఉండటానికి ఇల్లు, 24వది కుటుంబం. మత విశ్వాసం గురించి 21వ సూత్రం ఉంది. నమ్మకం, ఆరాధన అందరి హక్కే, ఈ వ్యక్తులది కూడా. కానీ ఆ హక్కు పేరు చెప్పి ఇంకొకరికి చట్టం ఇచ్చే సమాన రక్షణను తీసేయకూడదు. మతపెద్దలకు, ఈ ఉద్యమానికి అసలు పేచీ ఉన్నది ఇక్కడే.

ఐక్యరాజ్యసమితిలో కూడా ఈ పేచీ కనిపిస్తుంది. 2011 జూన్‌లో మానవ హక్కుల మండలిలో దక్షిణాఫ్రికా తెచ్చిన తీర్మానం 23–19 ఓట్లతో గట్టెక్కింది. ఇస్లామిక్ దేశాల కూటమి గట్టిగా ఎదిరించింది. 2016లో ఈ అంశం మీద స్వతంత్ర నిపుణుణ్ని పెట్టాలన్న ఓటింగ్‌లో ఇండియా తటస్థంగా ఉండిపోయింది. ఆ పదవి మొదట దక్కింది యోగ్యకర్త సమావేశం సహాధ్యక్షుల్లో ఒకరైన థాయ్‌లాండ్ ప్రొఫెసర్ వితిత్ ముంతర్‌భోన్‌కు.

నల్సా, ఆ తర్వాత

2014 ఏప్రిల్ 15న జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ నల్సా తీర్పు ఇచ్చారు. యోగ్యకర్త సూత్రాలను పొడవుగా ఉటంకించి, మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులతో పొసగే మేరకు వాటిని పాటించాలన్నారు. తన లింగ గుర్తింపు తానే చెప్పుకునే హక్కు ఉందని, హిజ్రాలను మూడో వర్గంగా గుర్తించాలని, సామాజికంగా విద్యాపరంగా వెనకబడినవాళ్లుగా చూసి రిజర్వేషన్లు ఇవ్వాలని చెప్పారు. 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు జడ్జిల బెంచి 377 సెక్షన్‌లో పెద్దల పరస్పర ఇష్టానికి సంబంధించిన భాగాన్ని తీసేసింది. 2023 అక్టోబర్ 17 నాటి సుప్రియో తీర్పులో ఒకే లింగంవాళ్ల పెళ్లిని హక్కుగా గుర్తించడానికి కోర్టు ఒప్పుకోలేదు. కానీ స్త్రీ పురుషుల బంధంలో ఉన్న ట్రాన్స్ వ్యక్తులు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చంది. ఒంగోలు కేసుకు అక్కరకొచ్చింది ఈ చివరి మాటే.

పాత నిజాం రాజ్యంలో దీనికంటే ముందు నుంచీ ఒక చట్టం ఉండేది. 1329 ఫస్లీ, అంటే 1919 నాటిది. ఆడ దుస్తుల్లో బహిరంగంగా కనిపించినా, వీధిలో పాడినా ఆడినా హిజ్రాను వారంటు లేకుండా పట్టుకుని రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. వాళ్ల పేర్లతో రిజిస్టరు పెట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. మొఘల్ దర్బారుల్లో ఖ్వాజా సరాలకు దక్కిన మర్యాద ఎక్కడ, ఇదెక్కడ! బ్రిటిష్‌వాళ్ల 1871 నేరస్థ తెగల చట్టం పోలికలు ఇందులో స్పష్టంగా ఉన్నాయి. గుంటూరు, ఒంగోలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండటం వల్ల ఈ నిజాం చట్టం ఇటు రాలేదు. హైదరాబాద్‌కు చెందిన కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకు వెళ్లాక, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఉలమా మాట, ఇరుగుపొరుగు దేశాల అనుభవం

ముస్లిం ఇళ్లల్లో ఈ విషయం వచ్చినప్పుడు మూడు వేరువేరు సంగతులు ఒకే మూటలో కట్టేస్తుంటారు. పుట్టుకతోనే శరీరంలో ఆడ, మగ గుర్తులు కలిసి ఉండటం ఒకటి. పెరిగేకొద్దీ తన దేహం తనది కాదనిపించి ట్రాన్స్‌గా బతకడం ఇంకొకటి. ఒకే లింగంవాళ్ల మధ్య సంబంధం మూడోది. ఫిఖ్‌లో మొదటిదానికి ‘ఖున్సా’ అనే పేరుంది. హనఫీ మద్రసాల్లో చదివే ‘హిదాయా’ గ్రంథంలో దానికి వేరుగా ఒక అధ్యాయమే ఉంది. నమాజులో ఏ వరసలో నిలబడాలి, ఆస్తిలో వాటా ఎంత అన్నదాకా చర్చించారు. అంటే అలాంటి మనిషి జమాత్‌లో ఉంటాడని, వాటా అడుగుతాడని ముందే అనుకున్నారు. మూడోదాన్ని ఉలమాలో అత్యధికులు హరామ్ అనే చెబుతారు. రెండోదాని మీద అభిప్రాయాలు ఒక్కటిగా లేవు. ఇరాన్‌లో ఆయతుల్లా ఖొమైనీ 1980ల్లో లింగమార్పిడి శస్త్రచికిత్సకు అనుమతి ఇచ్చారు. అదే ఇరాన్‌లో స్వలింగ సంబంధానికి మరణశిక్ష ఉంది.

పాకిస్తాన్ అనుభవం తెలుసుకోదగ్గది. అక్కడ ఖ్వాజా సరాల తరఫున సుప్రీంకోర్టుకు వెళ్లింది షరియత్ న్యాయం తెలిసిన లాయర్ డాక్టర్ మొహమ్మద్ అస్లం ఖాకీ. 2009 నుంచి వచ్చిన ఉత్తర్వులతో గుర్తింపు కార్డుల్లో వాళ్లకు చోటు దొరికింది. 2018లో పార్లమెంటు చట్టం చేసింది, అందులో వారసత్వ వాటా కూడా రాసింది. 2023 మే 19న ఫెడరల్ షరియత్ కోర్టు, తన లింగం తానే నిర్ణయించుకునే నిబంధనలు ఇస్లాంకు విరుద్ధమని తీర్పు చెప్పింది. ఖున్సా, ఖ్వాజా సరాలకు గౌరవంగా బతికే హక్కు లేదని మాత్రం అనలేదు.

ఇంటి గడప దగ్గర

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల దుకాణాల్లో, రైలు పెట్టెల్లో, ఉర్సులప్పుడు దర్గాల దగ్గర కనిపించే హిజ్రాలు చాలామంది ఒకప్పుడు ఏదో ఒక ఇంటి పిల్లలే. ఇంట్లోంచి వెళ్లగొట్టాక గురువు దగ్గర చేలాగా చేరి, డేరాలో బతికేవాళ్లు. కాబట్టి 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలో కుటుంబాలకు సంబంధించిన రెండు సెక్షన్లు అందరికీ తెలియాలి. 12వ సెక్షన్ ప్రకారం ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు. కోర్టు ఆర్డరుంటే తప్ప కుదరదు. ఇంట్లో ఉండే హక్కు, ఇంటి వసతులు వాడుకునే హక్కు వాళ్లకుంది. 18వ సెక్షన్ ప్రకారం ఇంట్లోంచి లేదా ఊళ్లోంచి వెళ్లిపోయేలా చేయడం నేరం. 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా. ఈ శిక్ష చాలా తక్కువని ట్రాన్స్ సంఘాలు మొదట్నుంచీ అంటున్నాయి, అందులో న్యాయముంది.

ఈ చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనలు గుర్తింపు కార్డుకు పెట్టిన పద్ధతి ఇలా ఉండేది: జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు, దానికి అఫిడవిట్, వైద్య పరీక్ష అవసరం ఉండేది కాదు, జిల్లా కలెక్టర్ సర్టిఫికెట్ ఇచ్చేవారు. ఆపరేషన్ తర్వాత ఆడ లేదా మగ అని మార్పించుకోవాలంటే ఆసుపత్రి కాగితం జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిజ్రాలకు పింఛను ఇవ్వాలని 2017 డిసెంబర్‌లో నిర్ణయించింది. అప్పుడు నెలకు 1,500 రూపాయలు. 2024 జులై నుంచి అది 4,000 అయింది.

ఆస్తి సంగతి మాత్రం ఆ చట్టం ముట్టుకోలేదు. ముస్లింల వారసత్వానికి 1937 షరియత్ చట్టమే వర్తిస్తుంది. ఆడో మగో తేలని ఖున్సాకు రెండు వాటాల్లో తక్కువది ఇవ్వాలన్నది ఇమామ్ అబూ హనీఫా మాట. కాగితం మీద లింగం మార్చుకున్న బిడ్డకు కొడుకు వాటానా, కూతురు వాటానా అన్నదానికి ఆ చట్టంలో జవాబు లేదు. పోట్లాట రాకుండా చూడాలనుకునే తల్లిదండ్రులకు ఒక దారి ఉంది. బతికుండగానే హిబా చేయొచ్చు. ఇస్తున్నానని చెప్పాలి, బిడ్డ తీసుకున్నానని ఒప్పుకోవాలి, ఇల్లయినా పొలమైనా స్వాధీనం అప్పగించాలి. చివరిది జరగకపోతే ఆ హిబా చెల్లదు.