వారమా? నెలయా?

పెన్‌పహాడ్ ప్రాంతపు రైతు ఇంటికి లెక్కలు వ్రాయు ఉద్యోగి వచ్చి, “గడచిన వారములో ఎంత నూనె వాడినారమ్మా?” అని అడిగెననుకొందము. ఆ యిల్లాలు చెప్పు జవాబు వేరు, “గడచిన నెలలో ఎంత?” అని అడిగినప్పుడు చెప్పునది వేరు. తొమ్మిది దినముల క్రిందటి కొనుగోలు కూడ ఈ వారములోనిదే యని తోచును. నెల అనగానే చిల్లర సరుకులు మఱపున పడును. ఇంటి గాదెలోని బియ్యమునకు కొన్న లెక్కయే లేదు. ఆమె అబద్ధమాడుట లేదు. తేడా ప్రశ్నలోనే యున్నది.

ఇట్టి తేడాను పట్టుకొనుటకు సర్వేలోనే పరీక్షను ఇమిడ్చిన మహనీయుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. 1937లో వంగదేశమున ఆరంభమైన జనపనార పంట సర్వేలలో ఆయన ఒకే ప్రాంతమునకు రెండు వేర్వేరు బృందములను పంపి, వారి లెక్కలను పోల్చి చూచుచుండెను. (ఆయన స్థాపించిన కలకత్తా గణాంక సంస్థలోనే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి. ఆర్. రావు 1941లో చేరిరి.) 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమై, మొదటి ఆవృత్తమున 1,833 గ్రామములను చేరెను. వారమా, నెలయా అను తగవు ఆ తొలి సంవత్సరములలోనే పుట్టెను. కొన్ని యిండ్లలో తిండి సరుకులను తూచి చూడగా నెల జవాబే నిజమునకు దగ్గరగా నుండెను. కావున నెలయే నిలిచెను.

అసలు చిక్కు 1994–98 నడుమ వచ్చెను. చీటీలు వేసినట్లు ఇండ్లను రెండు పాళ్లు చేసి, ఒక పాలును అన్నిటికిని ముప్పది దినముల లెక్కయే అడిగిరి. రెండవ పాలును తిండికి ఏడు దినములు, బట్టలవంటివాటికి సంవత్సరము అడిగిరి. రెండవ పద్ధతిలో పేదల సంఖ్య దాదాపు సగమునకు దిగెను! కంచములోని మెతుకు మాత్రము ఒక్కటియు పెరుగలేదు. పేదల అంచనాను బట్టి కేంద్రము రాష్ట్రములకు చౌకధాన్యము కేటాయించు పద్ధతి 1997లోనే వచ్చియుండెను గనుక, ఇది పండితుల వాదమాత్రము కాదు.

1999–2000లో రాజీ కుదిర్చిరి. తిండి సరుకుల విషయమున రెండు ప్రశ్నలను పక్కపక్కనే పెట్టి, ఒకే యింటిని అడిగిరి. ఒక జవాబును చూచి రెండవది సర్దుకొనెను. రెండును దగ్గరకు వచ్చెను. ఏది దేనిని లాగినదో తేల్చుట కష్టమయ్యెను. పాత సంవత్సరములతో పోలికయు చెడెను. వేరుగా నుంచినంతకాలము పరీక్ష మాటాడినది, కలిపినంతనే మూగవోయినది. నా దృష్టిలో ఆ రాజీ కంటె ఏదో ఒకటి ఎంచుకొనుటయే మేలై యుండెడిది.

2011–12లో మఱల వేర్వేరు ఇండ్లనే వేర్వేరు విధముల అడిగిరి. 2022–23లో, నాలుగువందల పైచిలుకు వస్తువుల పట్టికను ఒక్క బిగిని చదివిన ఎవరికైనను విసుగు పుట్టునని, ప్రశ్నావళిని మూడు భాగములు చేసి వరుసగా మూడు నెలలు ఒకే యింటికి పోయిరి.