జలదుర్గ: రెండు యుద్ధాల నడుమ తెలుగు రేవుల ఓడ ప్రయాణం

1933 అక్టోబరు 7న విశాఖపట్నం కొత్త రేవులోకి తొలిసారిగా ప్రవేశించిన నౌక సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి చెందిన 'జలదుర్గ'. మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతిని ప్రధానంగా ఉద్దేశించి నిర్మించిన రేవుకు మొదట వచ్చినది ప్రయాణికుల ఓడ కావడం, అదీ స్వదేశీ కంపెనీ ఓడ కావడం గమనార్హం. 1919లో స్థాపితమైన సింధియా, 1923లో బ్రిటిష్ కంపెనీలతో కుదిరిన పదేళ్ల ఒప్పందం మూలంగా తీర వాణిజ్యానికే పరిమితమై ఉండింది.

తెలుగు రేవుల నుండి బర్మాకు కూలీలను చేరవేసే వ్యాపారం ప్రధానంగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. ఈ వలసకు కరువును కారణంగా చెప్పడం పరిపాటి. అది సగం సత్యమే. కరువుకు మారుపేరైన అనంతపురం మెట్టసీమ నుండి గాక, గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండే అత్యధికులు 'రంగం' పోయారు. కరువుతో బాటు చేరువలో రేవు, ముందుగా అప్పిచ్చే మేస్త్రీ, చౌక డెక్కు టిక్కెట్టు ఉంటేనే ఆ వలస సాధ్యమైంది. కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారు 'కోరంగీలు' అయ్యారు.

1930 మేలో రంగూన్ రేవు తెలుగు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొన్నారు. సమ్మె ముగిశాక వీరిని తొలగించడంతో మే 26న చెలరేగిన అల్లర్లలో వందకు పైగా మరణించారు.

1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు కురిశాయి. ఓడల్లో చోటు దొరకని లక్షలాది భారతీయులు అరకాను, మణిపురం దారుల్లో కాలినడకన తిరిగివచ్చారు.